తాత ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పాడు

యుద్ధకాలంలో యూదు కుటుంబాలకు ఏం జరిగిందో ఎనభై ఏళ్ల తర్వాత మనవలకు ఎలా తెలుస్తోంది?

క్లుప్తంగా: నాజీల కాలంలో తమవాళ్లకు ఏమైందో యూదుల మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు వెతుక్కుంటోంది. ఇంటి పెద్దలు చెప్పని సంగతులు చాలావరకు చంపినవాళ్లు రాసుకున్న ఆస్తి లెక్కల్లోనూ, యుద్ధం తర్వాత బతికినవాళ్లు పెట్టుకున్న పరిహారం దరఖాస్తుల్లోనూ దొరుకుతున్నాయి. ఎంత దొరుకుతుందన్నది కుటుంబం ఏ ఊళ్లో ఉండేదన్నదాని మీద ఆధారపడి ఉంటోంది. దొరికిన కాగితం పౌరసత్వం, ఆస్తి, గోప్యత లాంటి నేటి విషయాల్లోకీ దారి తీస్తోంది.

ఒక పాత జర్మన్ గుర్తింపు కార్డు. ఫొటోలో ఉన్నది నాయనమ్మే. పుట్టిన తేదీ సరిపోయింది, ఊరు సరిపోయింది. కానీ పేరు మధ్యలో 'సారా' అని ఉంది. ఇంట్లో ఆమెను ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. కార్డు ఇంకెవరిదో అయి ఉంటుందని పక్కన పెట్టేసేవాళ్లూ ఉంటారు. జర్మనీ నుంచి వచ్చిన యూదు కుటుంబాల చరిత్ర వెతికేవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఇది.

జవాబు ఒక ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది. తాము ఆమోదించిన 'యూదు పేర్ల' జాబితాలో లేని పేరున్న ప్రతి యూదు స్త్రీ తన పేరుకు 'సారా' అనీ, ప్రతి యూదు పురుషుడు 'ఇజ్రాయెల్' అనీ తగిలించుకోవాలని నాజీ ప్రభుత్వం 1938 ఆగస్టు 17న ఆదేశించింది. 1939 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పాత జనన రిజిస్టర్లలో కూడా మార్జిన్‌లో ఈ అదనపు పేరు ఎక్కించారు. యుద్ధం తర్వాత దాన్ని కొట్టేస్తూ అదే మార్జిన్‌లో ఇంకో వాక్యం రాశారు. అంటే ఒక్క పుట చూస్తే చాలు: పుట్టినప్పుడు ఒక మనిషి, 1939లో ఒక మనిషి, 1945 తర్వాత మళ్లీ మొదటి మనిషి.

తెలిసినవాళ్లకు ఆ 'సారా' కాగితం వయసు చెప్పే గుర్తు. తెలియనివాళ్లకు అది తప్పు దారి. ఈ వెతుకులాట అంతా ఇలాగే నడుస్తుంది. ఏ కాగితాన్ని ఎవరు, ఎందుకు రాశారో తెలియకపోతే అందులో ఉన్నది చదివినా అర్థం కాదు.

ఇంట్లో ఎందుకు మాట్లాడలేదు?

బాధ వల్ల మాట్లాడలేదన్నది నిజమే కానీ సగమే నిజం. మిగతా సగం భయం. ఆ భయం 1945తో పోలేదు.

పోలండ్‌లో క్యాంపుల నుంచీ అజ్ఞాతవాసం నుంచీ బతికి బయటపడ్డవాళ్లు సొంత ఊళ్లకు తిరిగొచ్చాక, 1946 జులై 4న కీల్చె పట్టణంలో ఒక గుంపు దాడి చేసి 42 మంది యూదులను చంపింది. అప్పటికి యుద్ధం ముగిసి ఏడాది దాటింది. 1968లో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వమే యూదు వ్యతిరేక ప్రచారం నడిపితే సుమారు 13,000 మంది దేశం విడిచారు. సోవియట్ యూనియన్‌లో సామూహిక హత్యలు జరిగిన చోట కట్టిన స్మారకాల మీద 'శాంతియుత సోవియట్ పౌరులు' అని రాసేవారు తప్ప యూదులు అని రాసేవారు కాదు. ఇలాంటి చోట పిల్లలకు నిజం చెప్పడమంటే వాళ్లను ప్రమాదంలోకి నెట్టడమే అనుకున్న తల్లిదండ్రులు ఇంటిపేరు మార్చుకున్నారు, చర్చికి వెళ్లారు, పాత ఫొటోలు దాచేశారు. పోలండ్‌లో 1989 తర్వాత, మంచాన పడ్డ అమ్మమ్మ చెబితే తప్ప తాము యూదులమని తెలియని వాళ్లు వరసగా బయటపడ్డారు.

అసలు చెప్పడానికి గుర్తే లేనివాళ్లు మరో రకం. నెదర్లాండ్స్, బెల్జియం, ఫ్రాన్స్, పోలండ్‌లలో చాలామంది పసిపిల్లలను క్రైస్తవ కుటుంబాల్లోనో కాన్వెంట్లలోనో దాచారు. పిల్లాడికి కొత్త పేరు పెట్టి, కొత్త ప్రార్థన నేర్పి, పాత పేరు అడిగినా చెప్పకూడదని అలవాటు చేశారు. కన్నవాళ్లు తిరిగి రాకపోతే ఆ పేరే మిగిలింది.

దీన్ని చదువురాని కుటుంబాల సంగతిగానో, మారుమూల ఊళ్ల వ్యవహారంగానో అనుకోవడానికి లేదు. మెడలీన్ ఆల్‌బ్రైట్ 1997 జనవరిలో అమెరికా విదేశాంగ మంత్రి అయ్యారు. ఆ పదవిలో తొలి మహిళ. ఆమె ప్రాగ్‌లో పుట్టి క్యాథలిక్‌గా పెరిగారు. ఆమె తల్లిదండ్రులు నిజానికి యూదులనీ, ఆమె తాత అమ్మమ్మల తరంలో ముగ్గురు హోలోకాస్ట్‌లో (నాజీల యూదు సంహారంలో) చనిపోయారనీ ఆ ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. అప్పటికి ఆమెకు 59 ఏళ్లు. ఆమె తండ్రి యోసెఫ్ కోర్బెల్ కాశ్మీర్ వివాదంపై ఐక్యరాజ్య సమితి వేసిన కమిషన్‌లో చెకోస్లోవేకియా ప్రతినిధిగా 1948లో మన దేశానికీ వచ్చారు. రాయడం, మాట్లాడటం వృత్తిగా బతికిన దౌత్యవేత్త, ప్రొఫెసర్. ఈ ఒక్క సంగతి మాత్రం కూతురితో చెప్పలేదు. ఆమె నాయనమ్మ, తాతల పేర్లు ప్రాగ్‌లోని పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) గోడ మీద, అక్కడ రాసి ఉన్న దాదాపు 80,000 పేర్ల మధ్య ఉన్నాయి.

నాటక రచయిత టామ్ స్టొపార్డ్ కథ ఇంకో రకం. అందులో భారత్‌కు పెద్ద పాత్రే ఉంది. ఆయన 1937లో చెకోస్లోవేకియాలోని జ్లీన్‌లో పుట్టారు. మనందరికీ చెప్పుల షాపుగా తెలిసిన బాటా కంపెనీ పుట్టిల్లు ఆ ఊరే. తండ్రి ఆ కంపెనీ ఆస్పత్రిలో డాక్టరు. నాజీలు రావడంతో కంపెనీ తన యూదు ఉద్యోగుల్లో కొందరిని విదేశీ శాఖలకు పంపేసింది. ఈ కుటుంబం సింగపూర్ చేరింది. 1942లో జపాన్ సేనలు ముంచుకొచ్చినప్పుడు తల్లి ఇద్దరు కొడుకులతో భారత్‌కు వచ్చారు. వెనక ఉండిపోయిన తండ్రి సింగపూర్ వదిలి వెళ్లే ప్రయత్నంలో చనిపోయారు. తల్లి డార్జిలింగ్‌లో బాటా షాపు నడిపారు, పిల్లలు అక్కడే స్కూలుకెళ్లారు. ఆమె ఒక బ్రిటిష్ మేజర్‌ను పెళ్లాడి 1946లో ఇంగ్లండ్ వెళ్లాక పిల్లలు ఇంగ్లీషు పిల్లలైపోయారు. 1990లలో ఒక చెక్ బంధువు లండన్‌లో కలిసి కాగితం మీద వంశవృక్షం గీసి చూపేవరకు తన నాయనమ్మ, అమ్మమ్మ, ఇద్దరు తాతలూ నాజీల చేతుల్లోనే పోయారని స్టొపార్డ్‌కు తెలియదు. అప్పటికి ఆయనకు యాభై దాటింది.

ఇద్దరూ తెలుసుకున్నది దాదాపు ఒకే వయసులో, బెర్లిన్ గోడ కూలాక. ఇనుప తెర (కమ్యూనిస్టు దేశాలను వేరుచేసిన సరిహద్దు) అటువైపున్న బంధువులు, రిజిస్టర్లు అప్పుడే అందుబాటులోకి వచ్చాయి. మౌనం వీడటానికి మనసు ఒక్కటే సరిపోదు, సరిహద్దు కూడా తెరుచుకోవాలి.

హత్యకు జమాఖర్చులు

జర్మన్ అధికారులు ఇన్ని కాగితాలు ఎందుకు రాశారన్న ప్రశ్నకు 'జర్మన్ల క్రమశిక్షణ' అనే జవాబు చెప్పేస్తుంటారు. అది జవాబు కాదు. డబ్బు అసలు కారణం.

1941 నవంబర్ 25న వచ్చిన ఉత్తర్వు ప్రకారం, జర్మనీ సరిహద్దు బయట నివసించే యూదు పౌరుడికి పౌరసత్వం పోతుంది, ఆస్తి ప్రభుత్వానికి పోతుంది. అధికారులే రైలెక్కించి సరిహద్దు దాటించినా అది 'విదేశంలో నివాసం' కిందికే వస్తుంది. ఇక కోర్టు తీర్పు, నోటీసు, వేలం ఆదేశం ఏవీ అక్కర్లేదు. కానీ స్వాధీనం చేసుకోవాలంటే ఏముందో తెలియాలి కదా. అందుకని రైలెక్కబోయే ప్రతి మనిషితో ఆస్తి ప్రకటన ఫారం నింపించారు. బెర్లిన్‌లో వాడిన ఫారం 16 పేజీలు.

ఆ ఫారం చూస్తే బ్యాంకు ఖాతా, బాండ్లు, ఇన్సూరెన్సు దగ్గర ఆగదు. మంచాలు ఎన్ని, కుర్చీలు ఎన్ని, కర్టెన్లు, దీపాలు, దుప్పట్లు, దిండు గలీబులు, చొక్కాలు, సాక్సులు ఎన్ని అని అచ్చువేసిన వరుసలుంటాయి. ఎదురుగా సంఖ్య, విలువ రాయడానికి ఖాళీ. కింద సంతకం. కొన్ని వారాల్లో చనిపోబోయే మనిషి స్వహస్తంతో రాసిన చివరి కాగితం చాలాసార్లు ఇదే. ఉత్తరాలు, డైరీలు మిగలని కుటుంబాలకు ముత్తాత చేతిరాత మొదటిసారి కనిపించేది ఇక్కడే. కొందరు అన్ని వరుసలూ జాగ్రత్తగా నింపారు. కొందరు పేజీ మొత్తానికి అడ్డంగా ఒక గీత గీసి వదిలేశారు.

ఫైలు అక్కడితో మూతపడదు. మనిషి వెళ్లిపోయాక ఇంటి ఓనరు ఖాళీగా ఉన్న నెలలకు అద్దె ఇప్పించమని ప్రభుత్వానికి రాస్తాడు. గ్యాస్ కంపెనీ, కరెంటు కంపెనీ చివరి బిల్లు పంపుతాయి. సామాను ఎవరు ఎంతకు కొన్నారో పట్టీ ఉంటుంది. పొరుగువాళ్లు ఫలానా బీరువా తమకు కావాలని అర్జీ పెట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి ఫైళ్లు బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ ప్రాంతానివే సుమారు 40,000 పాట్స్‌డమ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటిని డిజిటైజ్ చేసి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు.

రైల్వే లెక్క కూడా ఇదే ధోరణిలో సాగింది. యూదులను తరలించిన రైళ్లకు జర్మన్ రైల్వే మూడో తరగతి చార్జీ వసూలు చేసింది, కిలోమీటరుకు 4 ఫెనిగ్‌ల (ఫెనిగ్ అంటే మార్కులో నూరో వంతు) చొప్పున. పదేళ్లలోపు పిల్లలకు సగం, నాలుగేళ్లలోపు వాళ్లకు ఉచితం. గుంపుగా వెళ్తే రాయితీ. తలకాయలు లెక్కపెట్టనిదే బిల్లు వెయ్యలేరు కాబట్టి జాబితాలు తయారయ్యాయి. ఆ జాబితాలే నేడు మనవల చేతికి వస్తున్నాయి.

తూర్పున అంకె ఉంది, పేరు లేదు

పైన చెప్పినదంతా ప్రధానంగా జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ లాంటి చోట్ల జరిగిన తీరు. నెదర్లాండ్స్‌లో యూదులను మొదట వెస్టర్‌బోర్క్ క్యాంపుకు చేర్చి అక్కడి నుంచి, చాలాకాలం ప్రతి మంగళవారం, రైళ్లలో తూర్పుకు పంపారు. దాదాపు 1,07,000 మందిని పంపితే సుమారు 5,000 మంది తిరిగొచ్చారు. ఎవరు ఏ తేదీ రైల్లో వెళ్లారో చాలావరకు తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్ కుటుంబానికి చెందిన మనవరాలు ఒక మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుంటే చివరి తేదీ వరకు పోగలదు.

కీవ్ కుటుంబానికి ఆ అవకాశం లేదు. 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో బాబీ యార్ లోయలో 33,771 మంది యూదులను కాల్చి చంపినట్టు జర్మన్ దళమే బెర్లిన్‌కు నివేదిక పంపింది. చివరి అంకె వరకు లెక్క ఉంది. ఒక్క పేరు లేదు. లిథువేనియాలో హత్యలు నడిపించిన ఎస్‌ఎస్ (నాజీ సాయుధ దళం) అధికారి కార్ల్ యేగర్ 1941 డిసెంబర్ 1 నాటి నివేదికలో ఊరు, తేదీ, పురుషులు, స్త్రీలు, పిల్లలు అని వరుసలు గీసి మొత్తం 1,37,346 అని తేల్చాడు. అందులోనూ పేర్లు లేవు. రైలూ లేదు, టికెట్టూ లేదు, ఆస్తి ప్రకటనా లేదు. ఊరి చివర గొయ్యి దాకా నడిపించి కాల్చేశారు. ఇల్లు పక్కవాళ్లు తీసుకున్నారు. పశ్చిమాన కాగితం పుట్టించిన అవసరమే ఇక్కడ లేకపోయింది.

ఈ తేడా వల్ల ఒకే ఇంటిపేరున్న రెండు శాఖల్లో ఒకరికి పది కాగితాలు, ఇంకొకరికి ఒక్కటీ ఉండదు. తూర్పు ఐరోపా కుటుంబాలు వేరే దారులు పట్టాలి. సోవియట్ ప్రభుత్వం 1942 నవంబర్‌లో వేసిన అసాధారణ విచారణ కమిషన్ ఊరూరా సేకరించిన వాంగ్మూలాలు ఒక దారి. బతికిన కొద్దిమంది తమ ఊరి గురించి యిడ్డిష్‌లో (తూర్పు ఐరోపా యూదుల భాష), హీబ్రూలో రాసి వేయించుకున్న స్మారక గ్రంథాలు ఇంకోటి. ఫలానా వీధిలో ఫలానా దర్జీ, ఆయన నలుగురు పిల్లలు అనే ఒక్క వాక్యమే ఒక కుటుంబానికి ఉన్న మొత్తం చరిత్ర కావచ్చు.

నాజీలు పోలండ్‌లో నడిపిన హత్యా శిబిరం ఆష్‌విట్జ్ విషయంలో మరో అపోహ ఉంది. అక్కడికి వెళ్లిన ప్రతివారి చేతి మీదా నంబరు పొడిచారనీ, కాబట్టి రికార్డు ఉంటుందనీ అనుకుంటారు. అక్కడ సుమారు 11 లక్షల మంది చనిపోయారు. ఖైదీలుగా నమోదై నంబరు పొందింది సుమారు 4 లక్షల మందే. రైలు దిగగానే గ్యాస్ ఛాంబర్‌కు పంపిన వృద్ధులకు, పిల్లలకు, పిల్లలున్న తల్లులకు నంబరు లేదు, కార్డు లేదు. 1944 మే 15 నుంచి జులై 9 వరకు ఎనిమిది వారాల్లో హంగరీ నుంచి దాదాపు 4,37,000 మందిని తరలించారు. వారిలో అత్యధికులు అలా నేరుగా పోయినవాళ్లే. అమ్మమ్మ పేరు ఆష్‌విట్జ్ రికార్డుల్లో లేదంటే ఆమె అక్కడికి వెళ్లలేదని అర్థం కాదు. చాలాసార్లు అర్థం దానికి పూర్తిగా తలకిందులు.

ఆఫీసులో చెప్పిన కథ

హంతకుల కాగితాల తర్వాత ఎక్కువ సమాచారం ఉన్నది బాధితులు స్వయంగా రాసిన దరఖాస్తుల్లో. దీని సంగతి పెద్దగా ప్రచారంలో లేదు.

పశ్చిమ జర్మనీ 1952లో ఇజ్రాయెల్‌తోనూ యూదు సంస్థల ఉమ్మడి వేదిక క్లెయిమ్స్ కాన్ఫరెన్స్‌తోనూ ఒప్పందాలు చేసుకుంది. ఆ తర్వాత 1950లలో వ్యక్తులకు పరిహారం ఇచ్చే చట్టాలు చేసింది. ప్రాణనష్టం, ఆరోగ్యం, స్వేచ్ఛ, ఆస్తి, ఉద్యోగం అంటూ నష్టాలను విడగొట్టారు. నిర్బంధంలో గడిపిన ప్రతి రోజుకు 5 మార్కులు. ఆ 5 మార్కులు రావాలంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎక్కడున్నారో చెప్పాలి, సాక్షుల్ని చూపాలి. ఆరోగ్యం దెబ్బతిన్నదని అడిగితే సంపాదన శక్తి కనీసం 25 శాతం తగ్గిందని డాక్టరు రాయాలి; ఆ తగ్గుదల క్యాంపు వల్లే వచ్చిందని తేలాలి. నిద్ర పట్టడం లేదు, పీడకలలు వస్తున్నాయి అంటే అది పుట్టుకతో వచ్చిన బలహీనత అని తిరగగొట్టిన కేసులు చాలా ఉన్నాయి.

కాబట్టి న్యూయార్క్‌లోనో హైఫాలోనో పిల్లలు నిద్రపోయాక ఒక మనిషి కూర్చుని ఘెట్టో (యూదులను బంధించిన పేట), క్యాంపు, చలి, టైఫస్, తమ్ముణ్ని చివరిసారి చూసిన రోజు అన్నీ వరుస తప్పకుండా రాశాడు. నోటరీ ముందు ప్రమాణం చేశాడు. ఎందుకు పనికిరాదో చెబుతూ జర్మన్ గుమస్తా రాసిన ప్రశ్నలకు మళ్లీ జవాబు రాశాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పని తాత, తన కుటుంబాన్ని నాశనం చేసిన దేశపు ఆఫీసుకు మాత్రం అన్నీ చెప్పాడు. చెబితేనే డబ్బు వస్తుంది మరి. ఫైలు తెరిచిన మనవలను ఎక్కువగా కలవరపెట్టేది ఈ వైచిత్రే.

ఈ ఫైళ్లను కళ్లుమూసుకుని నమ్మడానికీ లేదు. తేదీలు జ్ఞాపకం మీద ఆధారపడ్డవి. ఫారంలో ఇమిడేలా లాయర్లు భాషను సరిచేసినవి. డబ్బుకు పనికొచ్చే విషయాలే అందులో ఉంటాయి. ఎవరు ఆదుకున్నారు, ఏం పాడుకున్నారు, ఎవరిని ప్రేమించారు అన్నవి ఫారం అడగలేదు. పైగా కమ్యూనిస్టు దేశాల్లో ఉండిపోయినవారికి ఈ చట్టాల కింద అర్హతే లేదు. కాగితం లేని తూర్పు రెండోసారి కూడా కాగితం లేకుండానే మిగిలింది.

ఆర్కైవ్ తాళం

ఈ రికార్డులు అతి పెద్ద మొత్తంలో ఉన్నది జర్మనీలోని బాడ్ అరోల్సెన్ అనే చిన్న ఊళ్లో. యుద్ధం కాగానే మిత్రదేశాలు తప్పిపోయినవారిని వెతికే కేంద్రాన్ని అక్కడ పెట్టాయి. ఊరు బాంబులకు దెబ్బతినలేదు, ఆక్రమణ మండలాలకు మధ్యలో ఉంది. సుమారు 3 కోట్ల పత్రాలు, 1.75 కోట్ల మంది వివరాలు అక్కడున్నాయి. కానీ 2007 వరకు పరిశోధకులకు ప్రవేశం లేదు. దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాలకు ఏళ్ల తర్వాత ఒక సంక్షిప్త లేఖ వచ్చేది. వ్యక్తిగత గోప్యత ఒక కారణం, కేంద్రాన్ని పర్యవేక్షించే 11 దేశాలూ ఒప్పుకోవాల్సి రావడం ఇంకో కారణం. 2019లో అది అరోల్సెన్ ఆర్కైవ్స్‌గా పేరు మార్చుకుని పత్రాలను పెద్ద ఎత్తున ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు మూడో తరం వెతుకులాట ఇంత పెరగడానికి ఇది ముఖ్యమైన కారణం. ఆసక్తి కొత్తగా పుట్టిందేమీ కాదు, తలుపు కొత్తగా తెరుచుకుంది.

తలుపు తెరిచినా పేరు దొరకడం తేలిక కాదు. ఒక ఇంటిపేరును జర్మన్ గుమస్తా ఒకలా, పోలిష్ గుమస్తా ఒకలా, రష్యన్ లిపిలో ఇంకోలా రాశారు. అబ్రమోవిచ్ లాంటి ఒక్క పేరుకే ఇక్కడి సూచికలో వందల స్పెల్లింగులున్నాయి. అందుకే కార్డులను స్పెల్లింగు ప్రకారం కాకుండా ఉచ్చారణ ప్రకారం పేర్చారు. ఊళ్ల పేర్లదీ అదే తంతు. లెంబెర్గ్, ల్వూఫ్, ల్వోవ్, ల్వివ్ అన్నీ ఒకే నగరం. 1918 దాకా ఆస్ట్రియా-హంగరీ, తర్వాత పోలండ్, 1939లో సోవియట్, 1941లో జర్మన్, 1944లో మళ్లీ సోవియట్, 1991 నుంచి ఉక్రెయిన్. అదే ఇంట్లో కదలకుండా కూర్చున్న ముసలాయన కాగితాలు ఇన్ని దేశాల బీరువాల్లో వెతకాలి.

పారిపోయి బతికినవారి కాగితాలు ఇంకా దూరం పోయాయి. కొన్ని భారత్‌కూ వచ్చాయి. ఆకాశవాణి పొద్దున్నే వినిపించిన సిగ్నేచర్ ట్యూన్ కట్టిన వాల్టర్ కౌఫ్‌మన్ ప్రాగ్ నుంచి 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు. 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం జర్మన్ పాస్‌పోర్టు ఉన్నవారిని శత్రుదేశస్థులుగా పట్టి నిర్బంధించింది. వారిలో నాజీల నుంచే పారిపోయి వచ్చిన యూదులూ ఉన్నారు. పాస్‌పోర్టు మీద యూదులని తెలిపే ఎర్రటి 'జె' ముద్ర ఉన్నా మొదట్లో తేడా చూడలేదు. తరవాత చాలామందిని విచారించి వదిలేశారు.

రక్తపరీక్ష చెప్పేది, చెప్పనిది

కాగితం లేని చోట డీఎన్‌ఏ పరీక్ష ఆశ చూపిస్తోంది. కాన్వెంట్లో దాచిన పిల్లలు ముసలివయసులో తమ్ముళ్లనూ అక్కచెల్లెళ్లనూ కనుక్కున్న సందర్భాలున్నాయి. ఆ పరీక్షకు ఇప్పుడు రక్తం కూడా అక్కర్లేదు, ఉమ్మి చాలు. అయితే తూర్పు ఐరోపా యూదుల విషయంలో దానికో పెద్ద ఇబ్బంది ఉంది. మేనరికాలు తెలిసిన తెలుగువాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మేనమామ కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి అటు నుంచి బావ, ఇటు నుంచి ఇంకేదో వరస అవుతాడు. బంధుత్వం రెండు దారుల్లో వస్తుంది, పంచుకున్న డీఎన్‌ఏ కూడా రెండు దారుల్లో పోగవుతుంది. అష్కెనాజీ యూదులు, అంటే మధ్య, తూర్పు ఐరోపా యూదులు, శతాబ్దాల పాటు తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నారు. పైగా సుమారు 600 నుంచి 800 ఏళ్ల కిందట వారి మూల జనాభా దాదాపు 350 మందికి సమానమైన స్థాయికి కుంచించుకుపోయిందని 2014లో ప్రచురితమైన జన్యు అధ్యయనం అంచనా వేసింది. ఫలితంగా ఎవరికి పరీక్ష చేసినా వేలమంది 'బంధువులు' కనిపిస్తారు. యంత్రం మూడో తరం కజిన్ అన్న మనిషి నిజానికి ఏడెనిమిది తరాల దూరంలో, నాలుగైదు దారుల్లో చుట్టం కావచ్చు. తెలిసినవాళ్లు మొత్తం ఎంత కలిసిందని చూడరు, ఒకే చోట తెగకుండా ఎంత పొడవు కలిసిందని చూస్తారు. చిన్న ముక్కలు పాత కాలానివి, పొడుగు ముక్కలు దగ్గరి చుట్టరికానివి.

డీఎన్‌ఏ పేరిట జరిగే మరో వాదన కూడా తరచూ వార్తల్లోకి వస్తోంది: తాతల గాయం మనవల జన్యువుల్లోకి దిగుతుందని. 2015లో అమెరికాలో వెలువడ్డ ఒక అధ్యయనం దీనికి మూలం. అందులో పరీక్షించింది బతికి బయటపడ్డ 32 మందిని, వారి పిల్లలు 22 మందిని. అంత చిన్న నమూనాతో, మనవల ఊసే లేకుండా, అంత పెద్ద మాట చెప్పలేమని శాస్త్రవేత్తలు అప్పుడే అభ్యంతరం చెప్పారు. భయపడే తల్లి చేతుల్లో పెరిగిన పిల్లలకు భయం అబ్బడానికి జన్యువుల దాకా పోనక్కర్లేదు.

దొరికాక ఏమవుతుంది?

మొదటి ఫలితం పాస్‌పోర్టు. నాజీలు పౌరసత్వం లాక్కున్నవారికీ వారి వారసులకూ దాన్ని తిరిగివ్వాలని జర్మన్ రాజ్యాంగం 116వ అధికరణం చెబుతోంది. తల్లి వైపు వారసులు లాంటి కొందరికి ఇది అందకుండా చేసిన లొసుగులను 2021లో చట్టం మార్చి సరిచేశారు. ఆస్ట్రియా 2020 సెప్టెంబర్ నుంచి వారసులకు పౌరసత్వం ఇస్తోంది. బ్రిటన్ 2016లో ఐరోపా యూనియన్ వీడాలని ఓటేసినప్పటి నుంచి అక్కడి యూదు కుటుంబాల దరఖాస్తులు బాగా పెరిగాయి. తాతను తరిమేసిన దేశపు పాస్‌పోర్టు తీసుకోవాలా అని అదే ఇంట్లో గొడవపడ్డవాళ్లూ ఉన్నారు. కానీ దరఖాస్తుకు రుజువులు కావాలి, ఆ రుజువుల కోసం మొదలైన వేట చాలామందికి కుటుంబ చరిత్రగా మారింది.

రెండోది వీధిలో కనిపిస్తుంది. జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్‌నిగ్ 1992లో కొలోన్‌లో మొదలుపెట్టిన 'కాలికి తగిలే రాళ్లు' పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి పలకలు. బాధితులు తమంతట తామే ఉండేందుకు ఎంచుకున్న చివరి ఇంటి ముందు, కాలిబాటలో పొదుగుతారు. 'ఇక్కడ నివసించారు' అని మొదలై పేరు, పుట్టిన ఏడు, తీసుకెళ్లిన తేదీ, చంపిన చోటు ఉంటాయి. లక్షో రాయిని 2023 మేలో న్యూరెంబర్గ్‌లో పెట్టారు. పేరు, చిరునామా, తేదీ మూడూ తెలిస్తేనే రాయి పడుతుంది కాబట్టి ఇది కూడా కాగితమున్న దేశాలకే ఎక్కువగా దక్కింది.

మూడోది వేరే ఇళ్లలో కలవరం. నెదర్లాండ్స్‌లో జర్మన్లకు సహకరించారని విచారించిన సుమారు 4,25,000 మంది పేర్లు, గడువు తీరడంతో 2025 జనవరిలో ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. పూర్తి ఫైళ్లను మాత్రం డేటా రక్షణ సంస్థ అభ్యంతరంతో ఆపారు. నిందితుల్లో చాలామందికి శిక్ష పడలేదు, కొందరి మీద ఉన్నది ఒట్టి చాడీ. ఒక మనవరాలు ముత్తాతను ఎవరు పట్టించారో తెలుసుకోవాలనుకుంటుంది. అదే వీధిలో ఇంకో మనవడు తన తాత పేరు ఆ జాబితాలో చూసి టెన్షన్ పడతాడు. ఇద్దరికీ సమాధానం ఒకే ఫైల్లో ఉండొచ్చు.

ఈలోగా చెప్పగలిగినవారు తగ్గిపోతున్నారు. క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ 2024 జనవరిలో ఇచ్చిన లెక్క ప్రకారం అప్పటికి ప్రపంచంలో సుమారు 2,45,000 మంది బతికి ఉన్నారు. వారిలో అత్యధికులు యుద్ధం నాటికి చిన్నపిల్లలు. పెద్దవాళ్ల సంగతులు పెద్దవాళ్లతోనే పోయాయి. అడిగే మనిషి లేని చోట కట్టుకథలు కూడా పుట్టాయి. క్యాంపు బాల్యాన్ని కల్పించి రాసి అవార్డులు అందుకున్న ఒక స్విస్ రచయిత బండారాన్ని 1990ల చివర్లో జనన, దత్తత రికార్డులే బయటపెట్టాయి.

జెరూసలేంలోని యాద్ వాషెమ్ సంస్థ హతులైన 60 లక్షల మందిలో ఇంతవరకు సుమారు 50 లక్షల పేర్లు సేకరించింది. వాటిలో చాలా పేర్లు 1950ల నుంచి బంధువులు, పొరుగువాళ్లు ఒక్కొక్కటిగా నింపిచ్చిన సాక్ష్య పత్రాల ద్వారా వచ్చాయి. మిగిలిన పేర్లలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, బెలారస్ లాంటి చోట్లవి, ఇంటిల్లిపాదీ పోయి ఫారం నింపేవాళ్లే మిగలని కుటుంబాలవి.

అరోల్సెన్‌లో కాగితాలతో పాటు కొన్ని కవర్లు కూడా ఉన్నాయి. ఖైదీల దగ్గర తీసుకుని దాచిన చేతిగడియారాలు, పెళ్లి ఉంగరాలు, పర్సులు, ఫొటోలు. వాటి సొంతదారుల వారసులను వెతికి తిరిగి ఇస్తున్నారు. యూదు కుటుంబాల మనవలు ఎంతో ఆశతో అక్కడికి రాస్తారు. ఆ కవర్లలో అత్యధికం మాత్రం పోలండ్, సోవియట్ యూనియన్, ఇతర దేశాల రాజకీయ ఖైదీలవి, బలవంతపు కూలీలవి. విడిచిపెట్టే అవకాశం ఉందనుకున్న ఖైదీ వస్తువును అతని పేరు మీద కవర్లో పెట్టి నంబరు వేశారు. యూదుడి గడియారం రైలు దిగిన చోటే సర్కారు లెక్కలో కలిసిపోయింది, దానికి కవరు కేటాయించలేదు.